అయిదు గంటల ప్రయాణానికి ఎన్ని కాయితాలు

చెన్నై నుంచి కువైట్‌కి విమానంలో అయిదు గంటలకు కాస్త అటూ ఇటూ. రాజంపేటలోనో కోడూరులోనో రైలెక్కి చెన్నై చేరడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. కడప విమానాశ్రయం 2015లో తిరిగి తెరుచుకున్నా, కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021లో కొత్తది వచ్చినా, అవి తెరిచింది దేశంలోపలి ప్రయాణాలకే. గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళ దారి ఇప్పటికీ ముందు రైలు, తర్వాత విమానం. అయితే ఈ ఊళ్ళలో ఎవరినైనా కువైట్ ఎంత దూరమని అడిగితే గంటల్లో చెప్పరు. పాస్‌పోర్టుకి ఎన్నాళ్ళు తిరిగిందీ, వీసా కాయితం ఎప్పుడొచ్చిందీ, మెడికల్‌కి ఎంతయిందీ, ఏజెంటు ఎన్నిసార్లు రేపు రమ్మన్నదీ చెప్తారు. దూరాన్ని వాళ్ళు కొలిచేది కాయితాల్లో.

రాయలసీమ సాహిత్యంలో వలస మీద పనిచేస్తూ నేను కథల కోసం వెళ్ళిన చాలా ఇళ్ళలో ముందుగా చూపించింది ఈ కాయితాలనే. ట్రంకు పెట్టెలో అడుగున, పాలిథిన్ కవర్లో చుట్టి, మళ్ళీ గుడ్డలో మూట కట్టి ఉంటాయి. కరువు మీద, ఫ్యాక్షన్ మీద, బోరుబావుల మీద మన దగ్గర బోలెడంత రాశారు. చక్రవేణు ‘కువైట్ సావిత్రమ్మ’ కథ రాశాక కడప జిల్లా ఆడవాళ్ళ గల్ఫ్ ప్రయాణం మన విమర్శ కంట్లోనూ పడింది. ఆ శీర్షిక నాకెప్పుడూ ఆసక్తిగానే ఉంటుంది. ఊళ్ళలో నిజంగానే అట్లా పిలుస్తారు, దేశం పేరు ఆడమనిషి ఇంటిపేరయిపోతుంది. అదే ఆడమనిషి చేతిలోని పాస్‌పోర్టు తెరిస్తే ఆమె ఎవరనేది ఇంకోరకంగా ఉంటుంది: ఎవరి కూతురు, ఎవరి భార్య, ఎంతవరకు చదివింది, ఏ వయసుది. ఈ నాలుగు ప్రశ్నలూ ఎక్కడినుంచి వచ్చాయన్నదే ఈ వ్యాసం.

మొదటి కాయితాలు ఓడలవి. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ ఒప్పంద కూలీలతో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ళు మద్రాసు రేవునుంచి నాటాల్‌కి మనుషులు పోతూనే ఉన్నారు. ఎక్కే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఒక పత్రం. పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. ఫోటో లేని కాలంలో మచ్చలే ఫోటో. నూరుమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన. ఆ లెక్క నింపడానికి ఓడ బయల్దేరే ముందు ఏజెంట్లు హడావిడిగా ఆడవాళ్ళని వెతికేవారు. అట్లా ఎక్కిన ఒంటరి ఆడవాళ్ళ నడవడి గురించి అదే ప్రభుత్వం, అదే తోటల యజమానులు పేజీలకు పేజీలు రాసుకున్నారు. 1876-78 కరువు కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాల్ని ఊడ్చేసిన కాలమూ ఇదే. తిండి లేక ఇల్లు విడిచిన ఆడదానికి ‘నీ వెనక ఎవరున్నారు’ అన్న ప్రశ్న రేవులో ఎదురయింది.

ఈ వ్యవస్థని చూడ్డానికి పెట్టిన అధికారికి ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అని పేరు. వలసదారుల సంరక్షకుడు. 1922లో కొత్త ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది, ఆ అధికారి ఉన్నాడు. స్వతంత్ర భారతం 1983లో తన చట్టం చేసుకుంది, అప్పుడూ ఆ పదవి పేరు మార్చలేదు. చెన్నై, హైదరాబాదుల్లో ఆ పేరుతో ఆఫీసులు నడిచాయి. రాయచోటి ఆడమనిషి కువైట్ పోవాలంటే అనుమతి ముద్ర వెయ్యాల్సింది, నూటయాభై ఏళ్ళ కిందట ఓడల్ని చూసుకున్న హోదా పేరున్న మనిషే.

పాస్‌పోర్టు కథ వేరే దారిలో మొదలై దీంతో కలిసింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ 1917లో నిబంధనలు పెట్టి, 1920లో చట్టం చేసి, ఇండియాలో పాస్‌పోర్టుని తప్పనిసరి చేశారు. కెనడాకి వెళ్ళే భారతీయుల్ని జాతి పేరెత్తకుండా ఆపడమెట్లా అనే తంటాలోంచి ఈ పత్రం పుట్టుకొచ్చిన తీరుని రాధిక మోంగియా బాగా చూపించారు. స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై ఏళ్ళదాకా పాస్‌పోర్టు ప్రభుత్వం దయ. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశాలకు వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పాక, ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు లాక్కుంటే ఆమె కోర్టుకెళ్ళింది. 1978 జనవరిలో వచ్చిన ఆ తీర్పు మన రాజ్యాంగ చరిత్రనే మలుపు తిప్పింది. న్యాయశాస్త్రం పాఠాల్లో ఆ కేసు తప్పక ఉంటుంది. ఆ దశాబ్దంలోనే చమురు డబ్బు గల్ఫ్ దేశాలకు కూలీల్ని పిలవడం మొదలుపెట్టింది. కువైట్ వంటిళ్ళలో బీరువాల్లోకి వెళ్ళిపోయిన పాస్‌పోర్టుల మీద అలాంటి కేసు ఏదీ పుట్టలేదు.

1983 చట్టం కింద పాస్‌పోర్టులు రెండు జాతులయ్యాయి. ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’, అంటే ఈసీఆర్ ఒకటి. అవసరం లేనిది ఇంకొకటి. తేడా చదువు దగ్గర. 2007 ప్రాంతంలో ఆ గీతని పదో తరగతికి దించారు. అంతకుముందు ఇంకా పైన ఉండేది. పది పాసైనవాళ్ళ పాస్‌పోర్టులో ముద్ర ఉండదు. పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద ముద్ర పడుతుంది, గల్ఫ్ దేశాలతో కలిపి కొన్ని దేశాలకు పనికి పోవాలంటే వాళ్ళు ప్రొటెక్టర్ అనుమతి తెచ్చుకోవాలి. నా పాస్‌పోర్టులో ఆ ముద్ర లేదు. ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది కాబట్టి అలాంటిదొకటి ఉంటుందని కూడా చదువుకున్నవాళ్ళకు తెలియదు. 2018 జనవరిలో ఈసీఆర్ వాళ్ళ పాస్‌పోర్టులకి నారింజ రంగు అట్ట వేస్తామని కేంద్రం ప్రకటించింది. కేరళ నుంచి గట్టిగా అభ్యంతరాలు వచ్చాక ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకుంది. అప్పుడు మాత్రం చదువుకున్నవాళ్ళకి ఈ విభజన కొద్ది రోజులు కనిపించింది.

కడప జిల్లా ఊళ్ళలో ఆడపిల్ల బడి ఎక్కడ ఆగిపోతుందో మనకు తెలియనిది కాదు. అయిదు దాకా ఊళ్ళోనే, తర్వాత బడి పక్క ఊళ్ళో. పెద్దమనిషి అయ్యాక ఆ రెండు మైళ్ళు ఎవరు తోడు పోతారు? బడికి రెండు మైళ్ళు పంపలేని కుటుంబం ముప్పై ఏళ్ళకు ఆమెను అయిదు గంటల విమానంలో ఒంటరిగా పంపింది. దీంట్లో వైరుధ్యం ఉందని నాకు అనిపించదు. అప్పు ఉన్నప్పుడు ఆడది ఎంత దూరమైనా పోవచ్చు.

ఈ జిల్లాలోనే ఎందుకు అని అడుగుతారు. ఒకే కరువు సీమలో దారులు వేరయ్యాయి. కర్నూలు పడమటి వైపు ఆదోని, కోసిగి, మంత్రాలయం ఊళ్ళు ‘సుగ్గి’కి పోతాయి. మొగుడూ పెళ్ళాం పిల్లాపాపా మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి వెళ్తారు. అక్కడ పాస్‌పోర్టు ఎవరూ అడగరు, మేస్త్రీ తెలిసుంటే చాలు. కడప దక్షిణ తాలూకాల నుంచి మాత్రం ఒకరు పోయి, ఇంకొకరికి వీసా తీసి, అట్లా అక్కనుంచి చెల్లికి, చెల్లినుంచి ఆడబిడ్డకి దారి పడింది. ముస్లిం ఆడవాళ్ళు, దళిత ఆడవాళ్ళు, బలిజ ఆడవాళ్ళు అందరూ ఆ దారిలో ఉన్నారు.

వయసు దగ్గరికి వద్దాం. 2007 ఆగస్టునుంచి, ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఈ దేశాలకు పనికి వెళ్ళే ఆడవాళ్ళకి కనీసం ముప్పై ఏళ్ళుండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. మగవాళ్ళకి అట్లాంటిది లేదు. వయసులో ఉన్న ఆడవాళ్ళు మోసపోకుండా కాపాడటానికే అన్నారు. కాపాడాల్సింది యజమాని ఇంట్లోనైతే, గీత గీసింది ఆమె పుట్టిన తేదీ దగ్గర. ఇళ్ళలో పుట్టి ఏ రిజిస్టరుకీ ఎక్కని ఆడవాళ్ళ జిల్లా ఇది. గంజి కరువు ఏడు పుట్టింది, పెద్ద గాలివాన నాడు పుట్టింది అని చెప్పుకునే చోట తేదీ కాయితం మీదే పుడుతుంది. ఏజెంట్లు ఆ పుట్టుకను సులువుగా జరిపించారు. ఇరవై నాలుగేళ్ళ తల్లులు ముప్పై ఒకటి అయ్యారు.

రాయచోటి దగ్గర ఒక ఊళ్ళో, రెండు విడతలు కువైట్లో చేసి వచ్చినామె నాతో నవ్వుతూ అంది: “నాకు రెండు వయసులుండాయి పాపా. ఒకటి మా యమ్మ చెప్పింది. ఇంగొకటి కువైట్ది.” తర్వాత వచ్చిన ఆధార్ కార్డులోకి, ఓటరు కార్డులోకి కువైట్ వయసే ఎక్కింది. “దాంతో పింఛను ముందే వస్తాదంటలే,” అని పక్కనున్న తోడికోడలు ఎకసెక్కెం చేసింది. ఆమె మాత్రం తన కొడుకుతో తనకున్న వయసు తేడా కాయితాల్లో ఏడేళ్ళు పెరిగిందని, పదహారేళ్ళకు కన్న బిడ్డను ఇరవై మూడేళ్ళకు కన్నట్టయిందని చెప్పింది. బాల్య వివాహాల లెక్కల్లోంచి ఆమె అట్లా తప్పిపోయింది. మన గణాంకాల్ని చదివేటప్పుడు ఈ తోడికోడళ్ళ నవ్వు గుర్తుంచుకోవాలి.

కాపాడే నిబంధనలు ఇంకా వచ్చాయి. 2014లో, ఇంటిపనికి భారతీయ స్త్రీని తీసుకునే కువైట్ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలన్నారు. కువైట్ ఒప్పుకోలేదు, అధికారికంగా వీసాలు ఆగిపోయాయి. 2017లో ఆ గ్యారంటీని ఎత్తేశారు. నడుమ 2016 ఆగస్టులో, ఈసీఆర్ మహిళల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో అది ఓంక్యాప్. ఇన్ని తలుపులు మూసినా అప్పులు ఆగలేదు కాబట్టి ఆడవాళ్ళూ ఆగలేదు. విజిట్ వీసా మీద దుబాయి పోయి అక్కడినుంచి ఇంకో దేశం. విమానాశ్రయంలో ఫలానా కౌంటర్లో ఫలానా వేళకు నిలబడమని చెప్పే ఏజెంటు. దీన్ని వాళ్ళ భాషలో ‘పుషింగ్’ అంటారు. దానికి వేరే రేటు. ఇంటిపనికి వెళ్ళే కేరళ, ఆంధ్ర స్త్రీల మీద చాలాకాలం పనిచేసిన ప్రవీణా కోడోత్ లాంటి పరిశోధకులు చెప్తూ వచ్చింది ఇదే: ఆంక్ష పెరిగినకొద్దీ ప్రయాణం తగ్గదు, దొంగదారి ఖరీదు పెరుగుతుంది. విజిట్ వీసా మీద పోయినామెకు కష్టం వస్తే, ఆమె అక్కడ పనిమనిషి కాదు. కాయితం ప్రకారం చూట్టానికి వెళ్ళిన మనిషి.

పేరు సంగతి ఇంకా చిక్కు. రాయలసీమలో పేద ఇళ్ళ ఆడవాళ్ళకు వ్యవహారంలో ఇంటిపేరు అరుదు. సుబ్బమ్మ సుబ్బమ్మే. రేషన్ కార్డులో మొగుడి పేరుతో, బడి రిజిస్టరులో నాన్న ఇంటిపేరుతో, ఓటరు కార్డులో ఏదీ లేకుండా ఉంటుంది. ముస్లిం ఇళ్ళలో ‘షేక్’ ముందొస్తుంది, ‘బీ’ కొన్ని చోట్ల కలుస్తుంది, కొన్ని చోట్ల ఊడుతుంది. పాస్‌పోర్టు ఫారం రెండు గళ్ళు చూపిస్తుంది. పెళ్ళయ్యాక పేరు మార్చుకోవాలంటే మొగుడూ పెళ్ళాం కలిసి దిగిన ఫోటో అతికించిన ప్రమాణపత్రమో, పెళ్ళి సర్టిఫికెట్టో అడిగేవాళ్ళు. మొగుడు వదిలేసినందుకే కువైట్ పోవాలనుకున్నామె, పోవడానికి ముందు ఆ మొగుణ్ణి వెతికి ఫోటో స్టూడియోకి తీసుకురావాలి! 2016 చివర్లో విదేశాంగ శాఖ నిబంధనల్ని సడలించింది. తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు, పెళ్ళి సర్టిఫికెట్టు అక్కర్లేదు, విడిపోయినవాళ్ళు భర్త పేరు రాయనవసరం లేదు, ప్రమాణపత్రాలు తెల్లకాయితం మీద చాలు. దానికి కొన్ని నెలల ముందే, తల్లి ఒక్కతే పెంచిన కూతురి పాస్‌పోర్టులో తండ్రి పేరు తప్పనిసరి కాదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఇవి ఒంటరి తల్లులు ఏళ్ళ తరబడి పోట్లాడి సాధించుకున్నవి. మరుసటి ఏడాదినుంచి పోస్టాఫీసుల్లో పాస్‌పోర్టు కేంద్రాలు పెట్టడం మొదలై, హైదరాబాదు, తిరుపతి తిరగాల్సిన బాధ కూడా తగ్గింది.

ఇటువైపు సడలిన ముడి అటువైపు బిగిసింది. 2022 నవంబరు 21 నుంచి, పాస్‌పోర్టులో ఒకే మాట పేరున్నవాళ్ళని విజిట్ వీసా మీద రానివ్వమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది. గగ్గోలు పుట్టాక ఒక వివరణ ఇచ్చారు. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరిపోతుందట. ఒంటి పేరు సుబ్బమ్మను మనిషిగా నిలబెట్టడానికి మళ్ళీ ఆ పేజీలో ఒక నాన్న కావాల్సొచ్చాడు.

అక్కడ దిగాక పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుందో చెప్పక్కర్లేదు. ఇరవై నంబరు వీసా, అంటే ఇంటిపని వీసా, కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. అకామా అతని పేరు మీద. చేతిలో మిగిలేది బతాకా ఒక్కటి, అదీ ఇచ్చిన ఇళ్ళలో. మన పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షను ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వం ఆస్తి. అంటే కువైట్ యజమాని బీరువాలో పెట్టి తాళమేసింది భారత ప్రభుత్వం సొత్తుని. ఆ సొత్తు కోసం ప్రభుత్వం ఎన్నిసార్లు తలుపు తట్టిందన్నది వేరే ప్రశ్న. 2015లో కువైట్ కూడా ఇంటి పనివాళ్ళకి ఒక చట్టం చేసింది, 68వ నంబరుది. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. 2018లో రెండు దేశాలూ ఇంటి పనివాళ్ళ మీద ఒప్పందం రాసుకున్నాయి. ఇంటి గోడల మధ్య చట్టం అడుగుపెట్టడం ఎంత కష్టమో గృహహింస చట్టం తెచ్చుకున్న మనకు కొత్తగా చెప్పాలా?

కష్టం పడలేక ఆ ఇల్లు దాటి బయటికొచ్చిన ఆడమనిషిని ‘కల్లివల్లి’ అంటారు. అరబ్బు మాటే, పోనీ వదిలెయ్ అని అర్థం. మన ఊళ్ళలో అదొక హోదా అయిపోయింది: “ఆ పిల్ల కల్లివల్లి అయింది.” పాస్‌పోర్టు లోపల ఉండిపోయింది, అకామా చెల్లదు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు రాయబార కార్యాలయం ముందు నిలబడి అవుట్‌పాస్ తీసుకోవాలి. అది తెల్ల కాయితం, ఒక్క ప్రయాణానికి, ఇంటివైపు మాత్రమే. 1990 ఆగస్టులో ఇరాక్ దాడి చేసినప్పుడు అమ్మాన్ నుంచి 488 విమానాల్లో లక్షా డెబ్భైవేల మందిని తెచ్చామని గొప్పగా చెప్పుకుంటాం. తర్వాతి క్షమాభిక్షల్లో వచ్చినవాళ్ళ మీద సినిమాలు రాలేదు. 2018లో జనవరినుంచి ఏప్రిల్ దాకా ఒకటి నడిచింది. 2020 ఏప్రిల్లో ఇంకొకటి పెట్టారు, అప్పటికే కరోనాతో ఇండియా అంతర్జాతీయ విమానాల్ని ఆపేసింది. ఇంటికి పోవడానికి అనుమతి ఉండి, ఇల్లే తలుపు వేసుకున్న ఆ వారాల్లో అవుట్‌పాస్ పట్టుకుని శిబిరాల్లో ఎదురుచూసినవాళ్ళలో ఆంధ్ర ఆడవాళ్ళూ ఉన్నారు.

రెండు ప్రయాణాలు పక్కన పెట్టి చూస్తే ఈ కాయితాల అసలు రంగు తెలుస్తుంది. ఢిల్లీ నుంచి ఖాట్మండుకి విమానంలో రెండు గంటలు కూడా పట్టదు. అది పరదేశమే. భారతీయులకు అక్కడికి పాస్‌పోర్టు ఉంటే సరే, లేకపోతే ఓటరు కార్డు చాలు. అరవై అయిదు దాటినవాళ్ళు ఫోటో ఉన్న రేషన్ కార్డు చూపించి కూడా వెళ్ళొచ్చు. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో పద్దెనిమిది దాటిన పెద్ద ఆడమనిషినే ఇంటి పెద్దగా రాయమంది. అంటే తన పేరు మొదటి గడిలో ఉన్న కాయితం పట్టుకుని, తండ్రీ మొగుడూ ప్రస్తావన లేకుండా ఆమె విమానంలో దేశం దాటగల చోటు ఒకటుంది. అక్కడ మాత్రం ఆమెకు పని ఇచ్చేవాళ్ళు లేరు.

రెండోది హజ్. కడప, కర్నూలు ముస్లిం ఆడవాళ్ళు ఎందరో కువైట్‌కి ఒంటరిగా పోయి పదేళ్ళు వంట చేసి అంట్లు తోమి వచ్చారు. అదే ఎడారి దిక్కుగా, దాదాపు అంతే సేపు ప్రయాణం చేసి మక్కా చూడాలంటే మాత్రం చాలాకాలం వెంట మహ్రమ్ ఉండాల్సి వచ్చేది. తండ్రో, మొగుడో, అన్నో, కొడుకో. 2018 హజ్‌తో మన దేశం నలభై అయిదు దాటిన ఆడవాళ్ళని నలుగురు కలిసి మగతోడు లేకుండా వెళ్ళనిచ్చింది. జీతానికి పోయేటప్పుడు ఏ రాజ్యమూ మహ్రమ్‌ని అడగలేదు. కఫీలే ఆ చోట నిలబడ్డాడేమో.

2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలులోకి వచ్చినప్పుడు పేటలకు పేటలు మునిగాయి. నీళ్ళు తీశాక మిద్దెల మీద, తీగల మీద సర్టిఫికెట్లు ఆరేసుకున్నారు జనం. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ళ మీద పడింది. రాజంపేట ప్రాంతమంటే గల్ఫ్ ఇళ్ళ ప్రాంతం. ట్రంకు పెట్టెలు పోయాయి. పాస్‌పోర్టు పోయిందంటే పోలీసు రిపోర్టు కావాలి, గుర్తింపుకి వేరే కార్డు కావాలి, ఆ కార్డూ అదే పెట్టెలో ఉండింది.

నాటాల్‌కి పోయిన కూలీ ఆడవాళ్ళ జాబితాలు ఇప్పుడు చదువుకోవచ్చు. ఎడమ భుజం మీద మచ్చ అని, ఊరు ఫలానా అని, నూరేళ్ళ తర్వాత మునిమనవరాళ్ళు వచ్చి ఊళ్ళు వెతుక్కుంటున్నారు. అవుట్‌పాస్‌ని మాత్రం ఇక్కడ దిగగానే ఇమిగ్రేషన్ కౌంటర్లో తీసేసుకుంటారు. కోడూరు దగ్గర ఒకామెను, 2018లో వచ్చినామె, మీ కాయితాలు చూపిస్తారా అని అడిగాను. ట్రంకు పెట్టె తెరిచి, కువైట్లో పిల్లల్ని బడికి తయారుచేసేటప్పుడు వాళ్ళలో చిన్నది క్రేయానుతో తన బొమ్మ గీసి ఇచ్చిన కాయితం తీసింది. ఎనిమిదేళ్ళలో తన చేతికి మిగిలింది అదొక్కటే అంది. బొమ్మ కింద అరబ్బీలో ఏదో రాసుంది. అది తన పేరేనని ఆ పిల్ల చెప్పిందట.